ఐరిష్‌లో విభక్తి ఎక్కడ దాక్కుంటుంది?

డబ్లిన్ నడిబొడ్డున ఉన్న పెద్ద వీధికి ఐరిష్ నాయకుడు డానియల్ ఓకొనెల్ పేరు పెట్టారు. ఐరిష్‌లో ఆయన ఇంటిపేరు ‘ఓ కొనిల్’. వీధి పలక మీద మాత్రం ‘స్రాయిడ్ ఈ ఖొనిల్’ అని ఉంటుంది. స్రాయిడ్ అంటే వీధి. అంతవరకు సరే. ‘ఓ’ కాస్తా ‘ఈ’ ఎందుకయింది? ‘కొనిల్’ ఎందుకు ‘ఖొనిల్’ అయింది? తెలుగులో పేరు పక్కన వీధి అని చేర్చేస్తే పని అయిపోతుంది. ఐరిష్‌లో ‘ఆయన యొక్క’ అనే అర్థం రావాలంటే పేరు లోపలే మార్పు జరగాలి, అదీ రెండు చోట్ల. ఇంకాస్త తవ్వితే ‘కొనిల్’ అన్నది కూడా అప్పటికే షష్ఠీ రూపమని తేలుతుంది. మూలపురుషుడి పేరు ‘కొనల్’. ‘ఓ’ అంటే వంశీకుడు. కొనల్ వంశీకుడి వీధి అన్నమాట. ఒక్క పలక మీద షష్ఠిలో షష్ఠి.

ఐరిష్ మొదలుపెట్టిన చాలామంది విరక్తి చెందేది ఇక్కడే. వాళ్లు విభక్తిని మాట చివర వెతుకుతారు. సంస్కృతం చదివినవారికి, లాటిన్ చదివినవారికి, తెలుగు మాట్లాడేవారికి అది సహజం. ఐరిష్‌లో మాత్రం మూడు చోట్ల చూడాలి: నామవాచకానికి ముందుండే ఉపపదం (ఇంగ్లీషు ‘ది’ లాంటిది), మాట మొదటి హల్లు, మాట చివర. ఆ మూడూ కలిసి ఒక విభక్తిని చెబుతాయి. ఒక్కదాన్నే చూస్తే దారి తప్పుతాం. మాట మొదట్లో కనిపించే మార్పులు అకారణంగా వచ్చినవి కావు. ఎప్పుడో రాలిపోయిన పాత విభక్తి ప్రత్యయాలు పక్క మాట మీద వదిలిపోయిన గుర్తులవి. ఇలాంటి గుర్తుల్ని సంధుల పాఠంలో చూసినవారే తెలుగు పాఠకులు. అందుకే ఈ భాషను ఇంగ్లీషు మీదుగా కాక మన వ్యాకరణం మీదుగా సమీపించడం మేలు.

ఇక్కడ ఐరిష్ మాటల్ని తెలుగు లిపిలో, ఉచ్చారణకు దగ్గరగా రాస్తున్నాం. ప్రాంతాన్ని బట్టి పలుకు మారుతుంది. ‘ఖ’ అని రాసినచోట ఉర్దూ ‘ఖబర్’లో గొంతు రాసుకుంటూ వచ్చే ధ్వనిని ఊహించుకోండి. త, ద అని రాసినవి నిజంగానే మన దంత్యాలు.

ఎన్ని విభక్తులు?

సంస్కృతానికి సంబోధనతో కలిపి ఎనిమిది. సుమారు క్రీ.శ. 600 నుంచి 900 వరకు సాగిన ప్రాచీన ఐరిష్‌లో అయిదు ఉండేవి: ప్రథమ, ద్వితీయ, షష్ఠి, చతుర్థి, సంబోధన. నేటి ఐరిష్‌లో ప్రథమకూ ద్వితీయకూ రూపభేదం లేదు. ‘షాన్ కిటికీ పగలగొట్టాడు’ అనడానికి ‘వ్రిష్ షాన్ అన్ ఇన్యోగ్’ అంటారు. వరసగా క్రియ, కర్త, కర్మ. ఎవరు పగలగొట్టారో, ఏది పగిలిందో మాటల వరస చెబుతుంది. మన ‘ని’, ‘ను’ లాంటిది ఏదీ ఉండదు, వెతకక్కర్లేదు. చతుర్థికి ప్రత్యేక రూపం కొద్ది మాటల్లోనే మిగిలింది. సంబోధన చిన్నది, తేలిక. కాబట్టి అసలు శ్రమంతా షష్ఠి దగ్గరే. ఐరిష్ వ్యాకరణంలో దాన్ని ‘తిషల్ గిన్యదఖ్’ అంటారు. తిషల్ అంటే విభక్తి.

రాలిపోయిన చివరలు, మిగిలిన గుర్తులు

మన బడి వ్యాకరణంలోని రెండు సంధులను గుర్తుచేసుకుందాం. కూర, కాయ కలిస్తే కూరగాయ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. ఊరు, పల్లె కలిస్తే ఊరువల్లెలు. అచ్చు తర్వాత వచ్చిన పరుషం మెత్తబడింది, ‘ప’ అయితే ఏకంగా ‘వ’ అయింది. ఇది గసడదవాదేశం. రెండోది సరళాదేశం. పూచెను, కలువలు కలిస్తే ‘పూచెం గలువలు’. ద్రుతం, అంటే నకారం, ముందున్నందువల్ల ‘క’ కాస్తా ‘గ’ అయింది. ఆ నకారం సున్నగా మారి, చివరికి పలకకుండా పోయినా ‘గ’ మాత్రం మిగులుతుంది.

ఐరిష్‌లోనూ సరిగ్గా ఇలాంటివే రెండు ఉన్నాయి. ఒకటి ‘షేవూ’, అంటే మెత్తబరచడం. బ, మ ధ్వనులు ‘వ’ అవుతాయి. ‘ప’ కాస్తా దంతోష్ఠ్య ‘ఫ’ అవుతుంది. ‘క’ గొంతులోని ‘ఖ’ అవుతుంది. స, త రెండూ ‘హ’ అవుతాయి. ‘ఫ’ పూర్తిగా మూగబోతుంది. రాతలో ఆ హల్లు పక్కన హెచ్ అక్షరం చేరుస్తారు. పాత గేలిక్ అచ్చులో హల్లు మీద చుక్క పెట్టేవారు. రెండోది ‘ఉరూ’. క, త, ప ధ్వనులు గ, ద, బ అవుతాయి. ‘ఫ’ అయితే ‘వ’. బ, ద, గ ధ్వనులు మ, న, ఙ అవుతాయి. రాసేటప్పుడు కొత్త అక్షరాన్ని పాత అక్షరం ముందు పెడతారు, పాతది అలాగే ఉంటుంది. పలికేది కొత్తదే. చదివేవారికి ఇది పెద్ద మేలు. మాట ఎంత మారినా నిఘంటువులోని రూపం లోపల కనిపిస్తూనే ఉంటుంది.

కారణాలూ మన సంధుల్లోవే. ముందు మాట ఒకప్పుడు అచ్చుతో ముగిసినచోట షేవూ వచ్చింది. నకారంతో ముగిసినచోట ఉరూ వచ్చింది. తెలుగుకూ ఐరిష్‌కూ చుట్టరికం లేదు. నోరు పనిచేసే తీరు ఒకటి కాబట్టి ఫలితమూ ఒకటైంది. సంస్కృతంతో మాత్రం ఐరిష్‌కు నిజమైన చుట్టరికం ఉంది, రెండూ ఇండో-యూరోపియన్ భాషలే. అందుకే సంస్కృత శబ్దాలు కంఠస్థం చేసినవారికి ఇక్కడ ఒక ద్వారం తెరుచుకుంటుంది.

‘రమా’ శబ్దం ప్రథమ అచ్చుతో ముగుస్తుంది. ఐరిష్ స్త్రీలింగ ఉపపదం కూడా ఒకప్పుడు అలాగే దీర్ఘ ఆకారంతో ముగిసేది. ఫలితంగా తర్వాతి హల్లు మెత్తబడింది: ‘బాన్’ అంటే స్త్రీ, ‘అన్ వాన్’ అంటే ఆ స్త్రీ. ‘రామః’ విసర్గతో, అంటే పాత సకారంతో, ముగుస్తుంది. పుంలింగ ఉపపదమూ సకారాంతమే. ఆ సకారం అడ్డునిలిచింది కాబట్టి హల్లు మారలేదు: ‘ఫ్యార్’ అంటే పురుషుడు, ‘అన్ ఫ్యార్’ అంటే ఆ పురుషుడు. ‘రమాయాః’ చివర విసర్గ ఉంది. ఐరిష్ స్త్రీలింగ షష్ఠి ఉపపదం ‘న’ వెనక కూడా పాత సకారమే ఉండేది. అది విసర్గలాగే హకారమై, తర్వాతి మాట అచ్చుతో మొదలైతే దాని మీదకు దూకింది: ‘ఆయిట్’ అంటే చోటు, ‘న హాయిటె’ అంటే ఆ చోటు యొక్క. ఇక ‘రామాణామ్’, ‘నదీనామ్’ చూడండి. షష్ఠీ బహువచనం అనునాసికంతో ముగుస్తుంది. ఐరిష్ షష్ఠీ బహువచనంలో ఉరూ రావడానికి అదే మూలం: ‘కాపల్’ అంటే గుర్రం, ‘న గాపల్’ అంటే ఆ గుర్రాల యొక్క.

పుంలింగ షష్ఠీ ఏకవచనం దగ్గర సంస్కృతం సాయం చేయదు. ‘రామస్య’లోని ప్రత్యయం వేరు, ఐరిష్‌ది వేరు. ఇక్కడ రాళ్లు సాయం చేస్తాయి. ప్రధానంగా 5, 6 శతాబ్దాలకు చెందిన ఓగమ్ శాసనాలు ఐర్లండ్ దక్షిణ ప్రాంతంలో ఎక్కువగా దొరికాయి. రాతి అంచు మీద గీతలుగా చెక్కిన పేర్లవి, ఎక్కువగా కింది నుంచి పైకి చదవాలి. వాటిలో పేర్లు సాధారణంగా షష్ఠిలోనే ఉంటాయి: ‘ఫలానావాడి కొడుకు ఫలానావాడిది’. కొడుకు అనే మాట అక్కడ ‘మక్వి’ అని కనిపిస్తుంది. ఆ చివరి ఇకారమే పుంలింగ షష్ఠీ ప్రత్యయం. తర్వాత అది రాలిపోయింది. పోతూ పోతూ రెండు పనులు చేసింది. ఉపపదం చివర ఉన్న ఇకారం తర్వాతి మాట మొదటి హల్లును మెత్తబరచింది. మాట చివర ఉన్న ఇకారం తన ముందున్న హల్లును తాలవ్యం చేసింది. ‘మాక్’ అంటే కొడుకు, ‘మిక్’ అంటే కొడుకు యొక్క. చదువు, చదివి అన్నప్పుడు చివరి ఇకారం వెనక్కి వెళ్లి ‘దు’ను ‘ది’ చేస్తుంది కదా, ఆ లాగుడే ఇదీ.

ఈ తాలవ్యీకరణం అర్థం కాకపోతే మిగతాదంతా బట్టీ పట్టడమే అవుతుంది. ఐరిష్‌లో దాదాపు ప్రతి హల్లుకూ రెండు పలుకులుంటాయి. ఒకటి వెడల్పుది, ఒకటి సన్ననిది. వాళ్లూ అలాగే అంటారు. ౘాపలోని దంత్య ‘ౘ’, చీమలోని తాలవ్య ‘చ’ మధ్య ఉన్న తేడాను అన్ని హల్లులకూ విస్తరించి ఊహించండి. సన్నని ‘స’ అంటే ‘ష’. ‘దొరస్’ అంటే తలుపు, ‘దొరిష్’ అంటే తలుపు యొక్క. ‘సొలస్’ అంటే వెలుగు, ‘సొలిష్’ అంటే వెలుగు యొక్క. ‘బాద్’ అంటే పడవ, ‘బాయిడ్’ అంటే పడవ యొక్క. రాతలో ఈ సన్నదనాన్ని చూపడానికి హల్లుకు ముందు ఐ అనే అక్షరం పెడతారు. చాలాచోట్ల దాన్ని విడిగా పలకరు, అది హల్లుకు వేసిన గుర్తు మాత్రమే.

షష్ఠిలో ఉపపదం

ఐరిష్‌లో ‘ఒక’ అనే అర్థమిచ్చే ఉపపదం లేదు. ‘ఆ’ అనే నిశ్చయార్థకం ఒక్కటే. దానికి రూపాలు రెండు, ‘అన్’, ‘న’. ప్రథమా ఏకవచనంలో రెండు లింగాలకూ ‘అన్’. బహువచనంలో అన్నిటికీ ‘న’. షష్ఠీ ఏకవచనంలో పుంలింగానికి ‘అన్’, స్త్రీలింగానికి ‘న’. చిక్కు ఎక్కడంటే, ప్రథమలో స్త్రీలింగానికి వచ్చే షేవూ, షష్ఠిలో పుంలింగానికి వస్తుంది. వేషాలు మార్చుకున్నట్టు ఉంటుంది.

‘అన్ ఫ్యార్’ ఆ పురుషుడు, ‘హాతా అన్ ఇర్’ ఆ పురుషుడి టోపీ. ‘ఫిర్’ అనే షష్ఠీ రూపంలోని ‘ఫ’ మెత్తబడి మూగబోయింది కాబట్టి ‘ఇర్’ అని వినిపిస్తుంది. ‘అన్ వాన్’ ఆ స్త్రీ, ‘హాతా న మ్నా’ ఆ స్త్రీ టోపీ. ఇక్కడ మెత్తబడటం లేదు. కాబట్టి ‘అన్’ తర్వాత మెత్తబడిన హల్లు కనిపించగానే స్త్రీలింగం అని తీర్పు చెప్పకూడదు. పుంలింగ షష్ఠి కావచ్చు. తేల్చాల్సింది మాట చివర. అక్కడ హల్లు సన్నబడి ఉంటే, ముందు ఇంకో నామవాచకం ఉంటే, అది షష్ఠి.

సకారం తీరు వేరు. ‘అన్’ తర్వాత అది ‘హ’ కాదు, ముందు ‘త’ చేరి సకారం మూగబోతుంది. ‘సాగర్త్’ అంటే మతాచార్యుడు, ‘మాక్ అన్ తాగిర్ట్’ ఆయన కొడుకు. ‘స్రాయిడ్’ స్త్రీలింగం కాబట్టి ప్రథమలోనే ‘అన్ త్రాయిడ్’ అవుతుంది, షష్ఠిలో మామూలుగా ‘న స్రాయిడె’. సకారం తర్వాత అచ్చు గాని, ల, న, ర గాని ఉంటేనే ఇలా జరుగుతుంది. ఇక త, ద ధ్వనులు ‘అన్’ తర్వాత మారవు. ‘అన్’ చివరి నకారమూ అవీ నోట్లో ఒకే చోట పుడతాయి, ఆ ఆనుకోవడమే వాటిని కాపాడింది. అందుకే ‘తలుపు పైభాగం’ అనడానికి ‘బార్ అన్ దొరిష్’ అంటారు. ‘ద’ అలాగే ఉంది, మార్పంతా చివరే.

అచ్చుతో మొదలయ్యే పుంలింగ పదాలకు ప్రథమలో ఒక ‘ట’ లేదా ‘త’ అతుక్కుంటుంది: ‘ఇష్కె’ నీళ్లు, ‘అన్ టిష్కె’ ఆ నీళ్లు. షష్ఠిలో అది ఊడిపోతుంది, ‘అన్ ఇష్కె’. ఈ ఊడిపోవడమే అక్కడ విభక్తి గుర్తు. వేరే గుర్తు లేదు.

అయిదు గుంపులు

మాట చివర ఎలా మారుతుందో బట్టి నామవాచకాలను అయిదు గుంపులుగా విడదీశారు. అన్నిటికీ ఒకే శ్రద్ధ అవసరం లేదు.

మొదటిది అంతా పుంలింగం, వెడల్పు హల్లుతో ముగిసేవి. చివరి హల్లును సన్నబరిస్తే షష్ఠి. దొరస్, సొలస్, బాద్, కాపల్, ఫ్యార్, మాక్ అన్నీ ఇందులోవే. రెండోది దాదాపు అంతా స్త్రీలింగం. సన్నబరచి చివర ‘ఎ’ చేర్చాలి: ‘బ్రోగ్’ అంటే బూటు, షష్ఠి ‘బ్రోయిగె’. ‘ఫిన్యోగ్’ అంటే కిటికీ, షష్ఠి ‘ఫిన్యోయిగె’. వెన్న, కొండ అనే అర్థాలున్న రెండు మాటలు ఈ గుంపులో ఉంటూ కూడా పుంలింగాలే, వాటిని విడిగా గుర్తుంచుకోవాలి. మూడోదానిలో చివర ‘ఆ’ చేరుతుంది, ముందున్న హల్లు సన్ననిదైతే వెడల్పవుతుంది. ‘దోఖ్తూర్’ డాక్టరు, షష్ఠి ‘దోఖ్తూరా’. ‘ఫ్యోయిల్’ మాంసం, షష్ఠి ‘ఫ్యోలా’. ఐర్లండ్ పోలీసు సంస్థ పేరు ‘గార్దా షీఖానా’. అంటే శాంతి రక్షకదళం, ‘షీఖాయిన్’ అంటే శాంతి. నాలుగోది విశ్రాంతి. అచ్చుతో గాని, ‘ఈన్’ అనే ప్రత్యయంతో గాని ముగిసే ఈ పదాలు ఏకవచనంలో అసలు మారవు. 1893లో పుట్టిన భాషోద్యమ సంస్థ ‘కొన్రా న గేల్గె’ పేరులో (గేల్గె అంటే ఐరిష్ భాష) షష్ఠి ఉందని చెప్పేది ‘న’ ఒక్కటే. అన్నట్టు, అమ్మాయి అనే అర్థమున్న ‘కాలీన్’ ఈ గుంపులోనిదే, వ్యాకరణంలో అది పుంలింగం. సంస్కృతంలో ‘దారాః’ అన్న మాటకు భార్య అనే అర్థముండీ పుంలింగమైనట్టు.

అయిదో గుంపు చిన్నదే గాని అందులోని మాటలు రోజూ నోట్లో నలిగేవి, అందమైనవి కూడా. షష్ఠిలో ఎక్కడి నుంచో ఒక హల్లు వచ్చి చేరుతుంది. ‘కారా’ అంటే స్నేహితుడు, షష్ఠి ‘కారద్’. ‘కాహిర్’ అంటే నగరం, షష్ఠి ‘కాహ్‌రఖ్’. నిజానికి ఆ హల్లు కొత్తగా రాలేదు. సంస్కృతంలో ‘శ్రీమాన్’ అన్నప్పుడు కనబడని తకారం ‘శ్రీమతః’లో బయటపడుతుంది. ‘ఆత్మా’లో కనబడని నకారం ‘ఆత్మనః’లో బయటపడుతుంది. అవి హలంత శబ్దాలు, ప్రథమలోనే హల్లు రాలిపోయింది. ‘కారా, కారద్’ పాత తకారాంతం. ‘ఏరె’ అంటే ఐర్లండ్, షష్ఠి ‘ఏరన్’, పాత నకారాంతం. రైల్వే సంస్థ ‘ఈర్న్‌రోద్ ఏరన్’, బస్సు సంస్థ ‘బస్ ఏరన్’, పార్లమెంటు దిగువ సభ ‘దాల్ ఏరన్’, అన్నీ ‘ఐర్లండ్ యొక్క’ అనేవే.

ఈ గుంపుల్లో ఇమడనివి గుప్పెడు. ‘బాన్, మ్నా’ అందులో ఒకటి. ‘ట్యాఖ్’ అంటే ఇల్లు, షష్ఠి ‘టీ’. తెలుగువారికి ఇది వింతగా తోచకూడదు. మన ఇల్లు కూడా ‘ఇల్లు తలుపు’ అనడానికి ఒప్పుకోదు, ‘ఇంటి తలుపు’ కావాలి. నోరు నోటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది. మన ఔపవిభక్తికాలకు ఉన్న స్థానమే ఐరిష్ షష్ఠీ రూపానిది. ‘దొరస్ అన్ టీ’, ఇంటి తలుపు.

బహువచనంలో ఒక ముఖ్యమైన చీలిక ఉంది. సన్నబరచడం వల్ల గాని, ‘ఆ’ చేర్చడం వల్ల గాని ఏర్పడే బహువచనాలు బలహీనమైనవి. వాటి షష్ఠీ బహువచనం మళ్లీ ప్రథమా ఏకవచనంలాగే ఉంటుంది. ‘ఫ్యార్’ పురుషుడు, ‘ఫిర్’ పురుషులు, ‘న వ్యార్’ ఆ పురుషుల యొక్క. ఏకవచనంలా కనిపించే మాటకు ముందు ‘న’, ఉరూ ఉంటే అది బహువచనం. బలమైన బహువచనాలు అన్ని విభక్తుల్లోనూ ఒకేలా ఉంటాయి: ‘కాలీనీ’ అమ్మాయిలు, ‘న గాలీనీ’ ఆ అమ్మాయిల యొక్క.

షష్ఠి ఎక్కడెక్కడ వస్తుంది?

స్వామ్యం ఒక్కదానికే అనుకుంటే సగం చోట్ల తప్పుతాం. ఎంత, కొంత అనే పరిమాణాల తర్వాత షష్ఠి: ‘ఆరిగద్’ డబ్బు, ‘మోరాన్ ఆరిగిడ్’ చాలా డబ్బు. ‘అడ్డంగా దాటి’ అనే ‘త్రస్నా’ తర్వాత షష్ఠి: ‘త్రస్నా న స్రాయిడె’, వీధి దాటి. రెండు మాటలతో ఏర్పడిన విభక్త్యర్థకాల తర్వాతా షష్ఠే: ‘అస్ కోర్ అన్ టీ’, ఇంటి ఎదుట. ‘ఇ రిహ్ న హీహె’, రాత్రి పొడుగునా. దీనికి కారణం సులువు. వాటిలో రెండో మాట అసలు నామవాచకం. మనం ‘ఇంటి ముందు’ అనేది కూడా అందుకే, ‘ముందు’ ఒక స్థలనామం, దాని ముందు ఔపవిభక్తికం రావాలి.

అన్నిటికంటే ఎక్కువమంది తడబడేది క్రియల దగ్గర. ‘పుస్తకం చదువుతూ’ అనడానికి ‘ఎగ్ లేవ్ అన్ ల్యౌయిర్’ అంటారు. అక్షరాలా చూస్తే ‘పుస్తకం యొక్క చదవడం దగ్గర’. ‘ల్యౌర్’ పుస్తకం, ‘ల్యౌయిర్’ షష్ఠి. అలాగే ‘ఎగ్ ఇహె ఫ్యోలా’, మాంసం తింటూ. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవారికి కర్మకు షష్ఠి ఏమిటన్న అయోమయం తప్పదు. పాణిని ‘కర్తృకర్మణోః కృతి’ అన్న సూత్రంలో చెప్పింది ఇదే: కృదంతంతో కలిసినప్పుడు కర్మకు షష్ఠి. ‘పుస్తకస్య పఠనమ్’. ‘లేవ్’ కూడా క్రియ కాదు, చదవడం అనే నామం.

గొలుసుకట్టు షష్ఠి

‘ఇంటి యజమాని టోపీ’ అనాలి. ‘ఫ్యార్ అన్ టీ’ అంటే ఇంటి యజమాని, అక్షరాలా ఇంటి మనిషి. దానికి ముందు ‘హాతా’ పెడితే ‘ఫ్యార్’ షష్ఠిలోకి వెళ్లి ‘ఫిర్’ కావాలి కదా? కాదు. ‘హాతా ఆర్ అన్ టీ’ అనాలి. గొలుసులో ఆఖరి మాట ఒక్కటే షష్ఠీ రూపం ధరిస్తుంది. మధ్య మాట ప్రథమా రూపంలోనే ఉండి మొదటి హల్లు మాత్రం మెత్తబరచుకుంటుంది. ‘ఫ్యార్’లోని ఫకారం మూగబోయి ‘ఆర్’ అయింది. అలాగే ‘దొరస్ హ్యాఖ్ అన్ తాగిర్ట్’, మతాచార్యుడి ఇంటి తలుపు. ఇక్కడ ‘టీ’ అనకూడదు, ‘ట్యాఖ్’ మెత్తబడి ‘హ్యాఖ్’ అయింది. ఇక్కడ ‘అన్’ ఆనుకుని లేదు కాబట్టి ట, ద, స ధ్వనులూ మెత్తబడతాయి.

ఉపపదం కూడా ఆఖరి మాటకే. ‘దొరస్ అన్ టీ’ అంటే ‘ఆ ఇంటి ఆ తలుపు’ అని రెండు నిశ్చయాలూ అందులోనే ఉన్నాయి. ‘అన్ దొరస్ అన్ టీ’ అనడం కొత్తవారు చేసే తప్పుల్లో మొదటిది. తెలుగువారి చేత జరిగే తప్పు మరొకటి. మనకు యజమాని ముందు, వస్తువు వెనక. ఐరిష్‌లో వస్తువు ముందు. తెలుగు సమాసాన్ని చివరి నుంచి వెనక్కి చదివితే ఐరిష్ వరస వస్తుంది.

విశేషణం తోడైతే అదీ మారుతుంది. ‘మోర్’ అంటే పెద్ద. ‘బాద్ అన్ ఇర్ వోయిర్’, ఆ పెద్ద మనిషి పడవ. పుంలింగ షష్ఠిలో నామం మెత్తబడింది, సన్నబడింది. విశేషణమూ అంతే. ‘బ్రోగ్ న మ్నా మోయిరె’, ఆ పెద్దావిడ బూటు. స్త్రీలింగ షష్ఠిలో రెండూ మెత్తబడలేదు.

పిలుపు

ముందు ‘అ’ అనే పదం, తర్వాత షేవూ. మొదటి గుంపు పుంలింగాలు ఏకవచనంలో సన్నబడతాయి కూడా. షాన్‌ను పిలిస్తే ‘అ హ్యాయిన్’. మాయిరెను పిలిస్తే ‘అ వాయిరె’. కొడుకును పిలిస్తే ‘అ విక్’. రాముడు పిలుపులో రామా అయినట్టే. సోదర భాష స్కాటిష్ గేలిక్‌లో ‘షేమస్’ను పిలిచే ‘అ హేమిష్’ అనే రూపాన్ని విని ఇంగ్లీషువారు దాన్నే అసలు పేరనుకున్నారు. హేమిష్ అనే పేరు అలా పుట్టింది. ఒక సంబోధన రూపం ప్రథమా రూపంగా జనన నమోదు పత్రాల్లోకి ఎక్కింది.

చతుర్థి మిగిల్చినవి

విభక్త్యర్థకం తర్వాత వచ్చే మాట చతుర్థిలో ఉన్నట్టు లెక్క. రూపం ప్రథమదే, మొదటి హల్లే మారుతుంది. అదీ విభక్త్యర్థకాన్ని బట్టి. ‘ఎగ్’ (దగ్గర), ‘లె’ (తో) ఏ మార్పూ తేవు. ‘దొ’ (కు), ‘ఓ’ (నుంచి) మెత్తబరుస్తాయి. ‘ఇ’ (లో) ఉరూ తెస్తుంది: ‘కొర్కి’ (కార్క్) నగరంలో అంటే ‘ఇ గొర్కి’. ఆ ‘ఇ’ ఒకప్పుడు నకారాంతం. మళ్లీ మన ద్రుతమే.

ఉపపదం తోడైతే ప్రాంతాలు విడిపోతాయి. ‘బల్ల మీద’ అనడానికి కొనక్ట్, మన్‌స్టర్ ప్రాంతాల్లో ఉరూతో ‘ఎర్ అన్ మోర్ద్’. ఉత్తరాన అల్‌స్టర్‌లో షేవూతో ‘ఎర్ అన్ వోర్ద్’. ప్రామాణిక వ్యాకరణం రెండింటినీ ఒప్పుకుంటుంది. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే వాడండి. ఒకే పేరాలో రెండూ కలపడం చెవికి గుచ్చుకుంటుంది.

ప్రత్యేక చతుర్థీ రూపం నిలుపుకున్న వాటిలో అందరికీ తెలిసింది దేశం పేరే. నాణెం మీద ‘ఏరె’, బస్సు మీద ‘ఏరన్’, ‘ఐర్లండ్‌లో’ అంటే ‘ఇన్ ఏరిన్’. ఇంగ్లీషు కవిత్వంలో ఐర్లండ్‌ను ‘ఎరిన్’ అనేది ఈ చతుర్థీ రూపం నుంచే.

తెలుగువారికి ఇక్కడ ఒక కానుక కూడా ఉంది. ఐరిష్‌లో ‘కలిగి ఉండు’ అనే క్రియ లేదు. ‘తా ల్యౌర్ ఎగ్ షాన్’ అంటే ‘షాన్ దగ్గర పుస్తకం ఉంది’. ‘తా ఒక్రస్ ఒరమ్’ అంటే ఆకలి నా మీద ఉంది. నాకు ఆకలి వేస్తోంది అనే మనకు ఆకలిని కర్తగా నిలబెట్టడం కొత్త కాదు.

నేర్చుకునే పద్ధతి

పుస్తకాల్లో పట్టికలు బట్టీ పట్టడం కంటే ప్రతి నామవాచకాన్నీ జంటగా నేర్చుకోవడం మంచిది: ఉపపదంతో ప్రథమ, ఉపపదంతో షష్ఠి. ‘అన్ ఫ్యార్, అన్ ఇర్’. ‘అన్ వాన్, న మ్నా’. ‘అన్ త్రాయిడ్, న స్రాయిడె’. ఈ జంటలోనే లింగం, గుంపు, మొదటి హల్లు తీరు అన్నీ దొరుకుతాయి. ‘ఫ్యార్ అంటే పురుషుడు’ అని మాత్రమే రాసుకుంటే తర్వాత అన్నీ మళ్లీ వెతుక్కోవాలి. 1977లో వచ్చిన ఓ దోనల్ ఐరిష్-ఇంగ్లీషు నిఘంటువులో పదం పక్కనే షష్ఠీ ఏకవచనం, ప్రథమా బహువచనం ఇస్తారు. షష్ఠీ బహువచనం వేరుగా ఉంటే అదీ ఇస్తారు. అది బలహీన బహువచనమని గుర్తు. ఆ నిఘంటువు ‘ట్యాంగ్లన్’ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులోని వ్యాకరణ విభాగంలో ఉపపదంతో సహా అన్ని రూపాలూ ఉంటాయి, మూడు ప్రాంతాల ఉచ్చారణలూ వినవచ్చు. విన్నప్పుడు మొదటి హల్లునూ చివరి హల్లునూ విడివిడిగా గమనించండి. ‘స’ కాస్తా ‘ష’ కావడం తెలుగు చెవి వెంటనే పడుతుంది. ‘ర’, ‘ల’ సన్నబడటం పట్టుబడటానికి నెలలు పట్టవచ్చు, అక్కడ రాతలోని ఐ అక్షరాన్నే నమ్ముకోవాలి.